ఏడో నంబరు బూట్లు

బసవపున్నయ్యకు కోపం అరికాళ్ళలో పుట్టి నెత్తికెక్కుతుందని ఆయన భార్య అమ్మాజీ అంటూ ఉంటుంది. అందులో అబద్ధం లేదు. మోతీనగర్ మార్కెట్లో ఎవరైనా తొందరలో ఆయన కాలు తొక్కితే చాలు, నొప్పికి కాదు గానీ, బూటు మీద పడ్డ మట్టి ముద్రకి ఆయన మొహం కందగడ్డ అవుతుంది. తొక్కినవాడు సారీ అని వెళ్ళిపోతాడు. ఈయన అక్కడే వంగి, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, ఆ ముద్ర పోయేదాకా తుడిచి, వచ్చిన పని మర్చిపోయి కొత్తిమీర లేకుండా ఇంటికొస్తాడు.

కొత్తిమీర కొనడానికి కూడా ఆయన తోలు బూట్లు వేసుకునే వెళ్తాడు. లేసులు సమానంగా బిగించి, ప్యాంటు అంచు బూటు మీద ఒక్క మడత పడేలా సర్దుకుని మరీ వెళ్తాడు. అవి ఈనాటి బూట్లు కావు. అరవై డెబ్బై ఏళ్ళ కిందట కలకత్తాలోనో మద్రాసులోనో ఎవరో చేత్తో కుట్టినవి. అడుగు అట్ట దగ్గర్నుంచి మడమ దాకా అంతా తోలే, ఎక్కడా రబ్బరు ముక్క కనపడదు. అలాంటివి ఆయన దగ్గర ముప్పై నాలుగు జతలున్నాయి. రెండు గదుల వాటాలో ఉన్న ఒకే ఒక్క ఇనప బీరువా వాటిదే. అమ్మాజీ చీరలు మంచం కింద ట్రంకు పెట్టెలో ఉంటాయి.

"బీరువా మా అమ్మ నాకిచ్చిందండీ, మీ చెప్పులకి కాదు," అని ఏడాదికొకసారైనా అంటుందామె.

"చెప్పులనకు," అంటాడాయన. ఆ రోజుకి మాటలు అక్కడితో బంద్.

బసవపున్నయ్యకు యాభై ఎనిమిదేళ్ళు. సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. ఆరడుగుల మనిషి, పచ్చటి ఛాయ, చెవుల పక్కన పొందిగ్గా నెరిసిన జుట్టు. పెళ్ళి రిసెప్షను, కంపెనీ మీటింగు, హీరోయిన్ పుట్టినరోజు పార్టీ, ఇలా డబ్బున్నవాళ్ళు గుంపుగా కనపడాల్సిన ప్రతి సీనులోనూ ఆయన ఉంటాడు. చేతిలో యాపిల్ జ్యూసు గ్లాసు ఉంటుంది, అది విస్కీ అని చూసేవాళ్ళు అనుకోవాలి. ముప్పై ఏళ్ళలో తెర మీద ఆయన పలికిన మాటలు రెండు. రెండుసార్లూ "కంగ్రాట్స్ సార్" అనే. అయినా ఫిల్మ్‌నగర్‌లో ఆయన్ని అందరూ జమీందారు గారనే పిలుస్తారు. సొంత సూటు, సొంత బూట్లు తెచ్చుకునే జూనియర్ ఆర్టిస్టు మరొకడు లేడు.

ఈ బూట్ల పిచ్చికి మూలం ఒక అవమానం. తొంభై అయిదులో, రేపల్లె నుంచి డిగ్రీ సర్టిఫికెట్టూ, హీరో అవుదామన్న ఆశా పట్టుకుని వచ్చిన కొత్తలో, జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో రిసెప్షన్ సీనుకి పిలిచారు. కంపెనీ ఇచ్చిన కోటు వదులైతే వీపు వెనక పిన్నీసులు పెట్టారు. ఇచ్చిన బూట్లు ఒక జతవి కావు. ఒకటి నలుపు, ఒకటి ముదురు గోధుమ రంగు, రెండూ పెద్దవే. ముందు కాగితాలు కుక్కి వేసుకోమన్నారు. కెమెరా మోకాళ్ళ కిందికి రాదులే అన్నారు. కానీ వచ్చింది. క్రేన్ మీద కెమెరా నెమ్మదిగా దిగి, నేల మీది పూల మీదుగా ఆయన పాదాల దాకా వచ్చి ఆగింది. దర్శకుడు మైకులో, "ఆ జోకర్ బూట్ల జమీందారుని బయటికి పంపండయ్యా," అన్నాడు. రెండొందల మంది నవ్వారు. అన్నం కూడా పెట్టకుండా పంపేశారు.

ఆ రోజు ఆయన జూబ్లీహిల్స్ నుంచి ఎర్రగడ్డ దాకా నడిచే వచ్చాడు. నటన బాగాలేదంటే పడేవాడు. మొహం బాగాలేదన్నా పడేవాడు. వాళ్ళే ఇచ్చిన బూట్లకి తనను గెంటడం మాత్రం ఆయనకు మింగుడు పడలేదు. దారి పొడుగునా ఆ దర్శకుడితో గాల్లోనే పోట్లాడుతూ నడిచాడు.

ఆ ఆదివారం ఎర్రగడ్డ సంతలో, పాత ఫ్యాన్లకీ పగిలిన గ్రామఫోనుకీ మధ్య, ఒక నల్ల బూట్ల జత కనపడింది. దుమ్ము కొట్టుకుని, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆరడుగుల మనిషైనా బసవపున్నయ్యది ఏడో నంబరు పాదం. ఆడపిల్ల కాళ్ళని ఊళ్ళో వెక్కిరించేవాళ్ళు. ఆ బూట్లలో కాలు పెట్టగానే ఎవరో కొలత తీసుకుని కుట్టినట్టు సరిపోయాయి. పాతకాలపు బూట్లు ఎక్కువగా చిన్న నంబర్లవే దొరుకుతాయనీ, ఇప్పటివాళ్ళ కాళ్ళు పట్టక ఎవరూ కొనరనీ తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ ఆదివారాలన్నీ ఆ సంతలోనే గడిచాయి.

వాటిని బతికించడం నేర్పింది పరబ్రహ్మం. ఆయన కాస్ట్యూమర్. తారలకి బట్టలు సిద్ధం చేయడం, ఇస్త్రీ, కుట్లు, బూట్లు అన్నీ ఆయన చేతి కిందే. బసవపున్నయ్య కంటే రెండేళ్ళు పెద్ద, విజయవాడ వైపు మనిషి. ఒకసారి షూటింగులో ఆ నల్ల బూట్లు చూసి పక్కకి పిలిచి, "ఎండలో ఆరబెట్టావా వీటిని? పెళుసెక్కి చస్తాయి. ఇటివ్వు," అన్నాడు. నీడలో ఆరబెట్టడం, లోపల కాగితాలు కుక్కడం, ఒక రోజు తొడిగితే రెండు రోజులు వదిలేయడం, మైనం పూసిన దారంతో అంచు కుట్టడం, తోలుకి రంధ్రం చేసే ఆరెతో ఎక్కడ పొడిస్తే అది చిరగదో చూసుకోవడం అన్నీ ఆయన దగ్గరే వచ్చాయి. పాతికేళ్ళ స్నేహం. లొకేషన్లో భోజనానికి వెళ్ళేటప్పుడు బసవపున్నయ్య తన బూట్లు విప్పి, గుడ్డ చెప్పులు వేసుకుని, బూట్లు పరబ్రహ్మం వ్యానులో పెట్టి వెళ్ళేవాడు. బీరువాలో పెట్టినంత ధీమా.

ముప్పై నాలుగు జతల్లోనూ ఆయనకు ప్రాణం లాంటిది ఒక్కటే. పండిన ఖర్జూరం రంగు బూట్లు. మూడేళ్ళ కిందట పాత పేపర్లు కొనే అతను చెబితే వెంగళరావు నగర్‌లో శారదాదేవి అనే పెద్దావిడ ఇంటికి వెళ్ళాడు. ఆమె భర్త ప్లీడరు, పోయి ఏడాది అయింది. ఆవిడ బూట్లు తెచ్చి బల్ల మీద పెట్టి, బేరం మాట ఎత్తకుండా ఒక్కటే అడిగింది.

"వేసుకుంటారా, దాచుకుంటారా?"

"వేసుకుంటానమ్మా."

"అయితే తీసుకెళ్ళండి. ఆయన వీటితోనే హైకోర్టు మెట్లెక్కారు. అద్దాల పెట్టెలో పెట్టి చూసుకునేవాళ్ళకైతే ఇవ్వను."

అప్పట్నుంచీ నెలకోసారి వాటిని తొడుక్కుని వెళ్ళి ఆవిడకు చూపించి, కాఫీ తాగి వచ్చేవాడు.

మొన్న ఏప్రిల్లో డెబ్బైల నాటి కథతో తీస్తున్న ఒక సినిమాకి పిలుపు వచ్చింది. జూనియర్ ఆర్టిస్టులను పంపే ఏజెంటు శ్రీకృష్ణ ఫోన్ చేసి, "అన్నా, మొత్తం పాత జమానా. నీ బూట్లు వట్టుకరా, డైరెక్టర్ ఖుష్ అయితడు," అన్నాడు. బసవపున్నయ్య ఖర్జూరం రంగువి తీశాడు. లొకేషను జూబ్లీహిల్స్‌లో కొండవాలు మీది పెద్ద ఇల్లు. పొద్దున్నే హీరో తండ్రి పక్కన నిలబెట్టి నాలుగు షాట్లు తీశారు. కాస్ట్యూమ్ డిజైనర్ సంహిత, ముంబైలో చదువుకొచ్చిన అమ్మాయి, దగ్గరికొచ్చి ఆయన పాదాల వంక చూసి, "వావ్, పర్ఫెక్ట్ పీరియడ్ షూస్," అని ఫోన్లో ఫొటో తీసుకుంది. ఎవరివని అడగలేదు. ఆయన మొహం వంక కూడా చూడలేదు.

మధ్యాహ్నం జూనియర్ ఆర్టిస్టులకు భోజనాలన్నారు. ఆయన ఎప్పటిలాగే బూట్లు విప్పి, కాగితాలు కుక్కి, వ్యానులో పెట్టి వెళ్ళాడు. నలభై నిమిషాల తర్వాత తిరిగొచ్చేసరికి పరబ్రహ్మం ఇటు వీపు పెట్టి, అప్పటికే ఇస్త్రీ అయిపోయిన చొక్కాని మళ్ళీ ఇస్త్రీ చేస్తున్నాడు.

"నా బూట్లేవి?"

"అక్కడే ఉన్నాయి చూడు."

చూశాడు. రెండు బూట్లకీ మడమ వెనక తోలు, పైఅంచు నుంచి అట్ట దాకా, నిలువునా కోసి ఉంది. చేపని శుభ్రం చేసేటప్పుడు చీల్చినట్టు రెండు చెక్కలుగా తెరుచుకుని ఉంది. పైన నల్ల టేపు అంటించి పీకేసిన జిగురు.

బసవపున్నయ్య వంగి ఒక బూటు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "ఎవరు కోశారు?" అన్నాడు.

"హీరోది పదో నంబరు కాలు, పున్నయ్యా. పాత కారులోంచి దిగే షాటు. పాదాలు మాత్రమే. మేడమ్ ఇవే కావాలంది. కాలు పట్టకపోతే వెనక కోయమంది, ప్యాంటు కింద కనపడదని…"

"ఎవరు కోయమన్నారని అడగలేదు. కోసిందెవరు?"

పరబ్రహ్మం ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. "నేనే."

ఆ ఒక్క మాటతో బసవపున్నయ్య చెవుల్లో హోరు మొదలైంది. ఏమీ తెలియని కుర్ర అసిస్టెంటు ఎవడైనా కోసి ఉంటే చెంప పగలగొట్టి ఊరుకునేవాడు. ఈ మనిషికి తెలుసు. ఈ తోలు ఇప్పుడు దొరకదని తెలుసు, మడమ దగ్గర కోస్తే బూటు వెన్ను విరిగినట్టేనని తెలుసు, తెలిసే బ్లేడు పెట్టాడు. అదీ చక్కగా, వంకర పోకుండా, పనితనం తెలిసిన చేతితో.

గొడవ విని సంహిత వచ్చింది. చేతిలో ట్యాబు.

"ఏంటి అంకుల్ ప్రాబ్లమ్? రిప్లేస్ చేస్తాం కదా. సైజ్ చెప్పండి, ఈవెనింగ్‌కి బ్రాండెడ్ షూస్ తెప్పిస్తా."

"వేసుకునేవాణ్ణి ఒక మాట అడగాలని తోచలేదా?"

"మీరు లంచ్‌లో ఉన్నారు."

"నలభై అడుగుల దూరంలో ఉన్నాను. కేకేస్తే వినపడే దూరంలో."

"అంకుల్, అవి ఆల్రెడీ ఓల్డ్ కదా," అంది ఆ అమ్మాయి. వెటకారంగా కాదు, నిజంగా అర్థం కాక అంది. అదే ఆయనకు ఇంకా మండింది.

శ్రీకృష్ణ పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డాడు. చేతిలో రబ్బరు అట్టల నల్ల బూట్లు. "అన్నా, జర సల్లబడు. షాట్ రెడీ ఉన్నది. పొద్దుగాల హీరో తండ్రి పక్కకే ఉన్నవ్, ఇప్పుడు నువ్వు లేకుంటే కంటిన్యుటీ పోతది. గివి ఏస్కో, తర్వాత మాట్లాడుకుందాం."

బసవపున్నయ్య ఆ రబ్బరు బూట్ల వంక చూశాడు.

"నేను పోతున్నా శ్రీకృష్ణా."

"గిట్ల జేస్తే మల్ల పిలువరన్నా."

"పిలవొద్దను."

గుడ్డ చెప్పులు కూడా వాళ్ళ వ్యాను మెట్టు దగ్గరే విడిచేశాడు. వాళ్ళవేమీ కావవి, తనవే, అయినా కోపంలో అవి కూడా కాళ్ళకు ఆనలేదు. కోసిన బూట్లు చంకలో పెట్టుకుని, లైట్లు వేసి ఉన్న హాల్లోంచి, తెల్ల పాలరాయి మీదుగా, కెమెరా ముందునుంచే నడిచాడు. ఎవడో అసిస్టెంటు డైరెక్టరు, "ఫ్రేములో ఎవరది?" అని అరిచాడు. ఆయన ఆగలేదు.

గేటు బయట మధ్యాహ్నం రెండు గంటల ఎండ. జూబ్లీహిల్స్ కొండ రోడ్ల మీద ఆ వేళ నడిచే మనిషి ఉండడు. తారు కాళ్ళకు అంటుకుంటోంది. మూడు ముక్కల సూటులో పెద్దమనిషి వస్తున్నాడని ఒక గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు కుర్చీలోంచి లేచి సెల్యూట్ కొట్టాడు. తర్వాత కాళ్ళు చూసి, కొట్టిన చెయ్యి ఎలా దించాలో తెలియక అలాగే ఉంచాడు. ఒకచోట ఎవరో డ్రైవరు కారు కడుగుతున్నాడు. ఆ నీళ్ళు రోడ్డు మీద మడుగు కట్టాయి. బసవపున్నయ్య వెళ్ళి అందులో నిలబడ్డాడు. డ్రైవరు పైపు పట్టుకుని ఆయన్ని చూస్తూ ఉండిపోయి, చివరికి ఏమీ అడగకుండా పైపు ఆయన పాదాల వైపు తిప్పాడు. ఆ రోజంతటిలో ఆయనకు కోపం తెప్పించని మనిషి ఆ డ్రైవరొక్కడే.

చెక్‌పోస్టు దాకా నడిచి, మెట్రో ఎక్కి, ఎర్రగడ్డలో దిగి ఇంటికొచ్చేసరికి అరికాళ్ళు, కాలివేళ్ళు బొబ్బలెక్కాయి. అమ్మాజీ తలుపు తీసి ముందు కాళ్ళు చూసింది, తర్వాత చంకలోవి చూసింది. బకెట్టుతో నీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళు అందులో పెట్టి, బూటు చేతిలోకి తీసుకుంది. ముప్పై ఏళ్ళుగా వాటిని చెప్పులన్న మనిషి, ఆ కోత మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రాసి చూసి, "వాళ్ళ చేతులు పడిపోను," అంది. ఇంక ఆపలేదు. హీరోని, డిజైనర్ని, వాళ్ళ కార్లని, వాళ్ళ పాలరాళ్ళని, అందరినీ వరసపెట్టి తిట్టింది. పరబ్రహ్మం పేరు చెప్పినప్పుడు మాత్రం ఆగింది.

"మన పరబ్రహ్మం అన్నయ్య గారా?"

"ఆయనే."

ఆమె బూటు కింద పెట్టేసింది. తర్వాత అడిగింది, "ఆ ప్లీడరు గారి భార్యకి ఏం చెప్తారండీ?"

రెండు రోజులు ఆయన దానికి జవాబు వెతుక్కున్నాడు. అబద్ధాలు రెండు మూడు తయారు చేసుకున్నాడు. చివరికి మూడో రోజు పొద్దున బొబ్బల కాళ్ళకు రబ్బరు చెప్పులు తగిలించుకుని, బూట్లు సంచిలో పెట్టుకుని వెంగళరావు నగర్ వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ తలెత్తలేదు. ఇచ్చినదాన్ని కాపాడుకోలేకపోయానన్న సిగ్గు, కోపం కంటే బరువుగా ఉంది.

శారదాదేవికి ఎనభై దాటాయి. కళ్ళజోడు సర్దుకుని బూట్లు రెండూ తిప్పి చూసింది. ఏడుస్తుందేమోనని ఆయన భయపడ్డాడు. ఆవిడ పెదాలు బిగిశాయి.

"ఆ డిజైనర్ అమ్మాయి ఆఫీసు ఎక్కడ?"

"ఫిల్మ్‌నగర్‌లోనమ్మా. ఎందుకు?"

"చీర మార్చుకొస్తాను. ఆటో పిలవండి."

వద్దని చెప్పి చూశాడు. వినలేదు.

సంహిత ఆఫీసు అద్దాల తలుపుల వెనక చల్లగా ఉంది. గోడల నిండా బట్టలు వేలాడుతున్నాయి. పట్టుచీరలో పెద్దావిడ లోపలికి రాగానే ఆ అమ్మాయి లేచి నిలబడింది. శారదాదేవి బూట్లు బల్ల మీద పెట్టి, "ఇవి మా ఆయనవి. ముప్పై ఏళ్ళు హైకోర్టులో ప్రాక్టీసు చేశారు," అంది. ఆ అమ్మాయి మొహం మారిపోయింది.

"అయ్యో అమ్మమ్మా, ఐయామ్ సో సారీ. మీ హజ్బెండ్‌వని నిజంగా తెలీదు. అంత ఎమోషనల్ వాల్యూ ఉందంటే అసలు ముట్టుకునేదాన్నే కాదు. కూర్చోండి ప్లీజ్. ఎవరక్కడ, కాఫీ తెండి."

కుర్చీ వేసి కూర్చోబెట్టింది. రెండో కుర్చీలో బట్టల తానులు ఉన్నాయి. అవి ఎవరూ తీయలేదు. బసవపున్నయ్య తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. కాఫీ ఒక్కటే వచ్చింది.

షూటింగులో వచ్చిన కోపం ఒక లెక్క, ఇప్పుడొచ్చింది ఒక లెక్క. తన కాళ్ళకున్నప్పుడు అవి పాత బూట్లు. పోయిన ప్లీడరు గారి కాళ్ళకు ఉండేవని తెలియగానే వాటికి విలువొచ్చింది. మూడేళ్ళుగా రోజు విడిచి రోజు తుడిచిన చేతులకి, నడిచిన పాదాలకి, ఈ గదిలో ఒక కుర్చీ కూడా లేదు. ముప్పై ఏళ్ళు పెద్దింటి మనిషిలా నిలబడినందుకు తనకు మిగిలింది నిలబడడమే. ఆయన పిడికిళ్ళు బిగుసుకున్నాయి. అరవడానికి నోరు తెరిచేలోపు శారదాదేవి మాట్లాడింది.

"నాకు సారీ చెప్తావేమ్మా? నేను ఇచ్చేసి మూడేళ్ళయింది. అవి ఇప్పుడు ఈయనవి. మా ఆయన పోయారు, ఆయనకి కాళ్ళు కాలవు. ఈయన కాళ్ళు చూడు."

సంహిత చూసింది. రబ్బరు చెప్పుల్లోంచి బయటికి కనపడుతున్న బొబ్బలు, చితికి నల్లబడ్డ చర్మం చూసింది. చూసి, మొదటిసారి ఆయన మొహం వంక చూసింది.

"సారీ అంకుల్."

"నాకు పేరుంది," అన్నాడాయన. "బసవపున్నయ్య."

"సారీ, బసవపున్నయ్య గారూ."

కోపం తగ్గుతుందేమోనని ఆయన ఒక్క క్షణం చూశాడు. తగ్గలేదు. కాకపోతే ఏం కావాలో తెలిసింది.

"కొత్త బూట్లు నాకొద్దు. ఒక కాగితం రాయండి. సొంత బట్టలు, బూట్లు తెచ్చుకునే ఆర్టిస్టుల సామాను, వాళ్ళని అడగకుండా ఎవరూ ముట్టుకోకూడదు. రాసి మీ వ్యానుల్లో అంటించండి."

ఆ అమ్మాయి వెంటనే కంప్యూటర్లో కొట్టి ప్రింటు తీసి ఇచ్చింది. ఇంగ్లీషులో ఉంది. "తెలుగులో," అన్నాడు. మళ్ళీ కొట్టింది. 'ఆర్టిస్టుల'లో ఒత్తు తప్పు. అదీ దిద్దించాడు. మూడోసారి కాగితం చదివి, మడిచి ఒకటి జేబులో పెట్టుకుని, శారదాదేవికి చెయ్యి అందించి లేపాడు.

కింద మెట్ల దగ్గర పరబ్రహ్మం నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో తెలియదు. శారదాదేవిని ఆటోలో కూర్చోబెట్టి బసవపున్నయ్య వెనక్కి వచ్చాడు.

"ఇటివ్వు, నేను కుడతాను," అన్నాడు పరబ్రహ్మం. "నాకంటే బాగా ఎవరూ కుట్టలేరు. నీకు తెలుసు."

"తెలుసు. ఇవ్వను."

"ఇంకో రెండేళ్ళు చేసి ఇంటికి పోయేవాణ్ణి పున్నయ్యా. నేను కాదంటే ఆ అమ్మాయి ఇంకొకణ్ణి పెట్టుకునేది. వాడు ఎటూ కోసేవాడే."

"కొయ్యనీ. వాడు కోస్తే వాణ్ణి తిట్టుకునేవాణ్ణి. నువ్వు నలభై అడుగులు నడిచొచ్చి నాతో ఒక మాట చెప్పలేకపోయావు."

"చెప్తే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు."

"మరింకేం?"

"అందుకే చెప్పలేదు నువ్వు. నేను ఒప్పుకోనని తెలిసే చెప్పలేదు."

పరబ్రహ్మం చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం బసవపున్నయ్యకు కనపడింది. కనపడినా మనసు కరగలేదు. ఆటో ఎక్కి, శారదాదేవి పక్కన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

బూట్లు తనే కుట్టాడు. కోతకి రెండు పక్కలా ఆరెతో సన్న రంధ్రాలు పొడిచి, మైనం దారంతో దగ్గరికి లాగి, పైన నిలువునా ఒక తోలు పట్టీ వేశాడు. సరిగ్గా అదే రంగు ఎక్కడా దొరకలేదు. పట్టీ కొంచెం ముదురుగా కనపడుతుంది. పదకొండు రోజులు పట్టింది. వేలికి రెండుసార్లు ఆరె దిగింది. దిగినప్పుడల్లా ఆయన తిట్టింది పరబ్రహ్మాన్నే.

రెండు నెలలు ఫోన్ మోగలేదు. మూడో నెలలో శ్రీకృష్ణ చేశాడు. "అన్నా, ఫిల్మ్‌నగర్‌ల బోర్డు మీటింగ్ సీనున్నది. ఎవర్ని నిలబెట్టినా కిరాయి మనిషి లెక్కనే కనవడుతున్నడు. నువ్వు రా జర." బసవపున్నయ్య వెళ్ళాడు. ఇంట్లో కూర్చుంటే కోపం పెరగడమే తప్ప తరగలేదు మరి.

ఈలోగా ఆ డెబ్బైల కథ సినిమా ట్రైలరు వచ్చింది. అమ్మాజీ ఫోన్లో చూపించింది. పాత కారు తలుపు తెరుచుకోవడం, ఖర్జూరం రంగు బూట్లు నేల మీద ఆనడం, ఢాం అని సంగీతం. కింద జనం రాసిన మాటల్లో డిజైనరు పనితనాన్ని ఎవరో మెచ్చుకున్నారు. ఆ బూటు కూడా ఎంత పాతకాలం నాటిదో చూడండి అని రాశారు. బసవపున్నయ్య ఆ ముక్కని మూడుసార్లు వెనక్కి తిప్పించి చూశాడు.

"మడమ ఎలా లేస్తోందో చూడు," అన్నాడు. "బూటు వేసుకుని నడిచే నడకేనా అది? చెప్పులు ఈడ్చినట్టు ఈడుస్తున్నాడు."

"ఎవరికి తెలుస్తుందండీ?" అంది అమ్మాజీ.

"నాకు తెలుస్తుంది," అని ఫోన్ ఆమె చేతిలో పెట్టేసి, ఆ సాయంత్రమంతా మెత్తటి గుడ్డ పట్టుకుని బీరువా ముందే కూర్చున్నాడు.

కిందటి వారం మళ్ళీ ఒక షూటింగులో పరబ్రహ్మం ఎదురయ్యాడు. బసవపున్నయ్య కాళ్ళకు పట్టీ వేసిన బూట్లే ఉన్నాయి. ఇప్పుడు భోజనానికి కూడా విప్పడం లేదు. రేకుల షెడ్డు కింద అందరూ వరసగా కూర్చుని తింటున్నారు. పరబ్రహ్మం ప్లేటు పట్టుకుని అటూ ఇటూ చూసి, ఆయనకు రెండు కుర్చీల అవతల వచ్చి కూర్చున్నాడు. చూపు మాత్రం కిందికి, బూట్ల మడమల మీదికి పోయింది.

"దారం రెండు పేటలు వేశావు," అన్నాడు చాలాసేపటికి. "మూడు వేయాల్సింది. వానాకాలం వచ్చేసింది."

బసవపున్నయ్య పప్పన్నం ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. ఆ మాట నిజమేనని ఆయనకు తెలుసు. నిజం కాబట్టే ఇంకా కోపం వచ్చింది. మిగతా అన్నం తినేసి, చెయ్యి కడుక్కుని, వంగి లేసులు బిగించుకున్నాడు. శ్రీకృష్ణ అవతల్నుంచి పిలుస్తున్నాడు. ఆ రెండు కుర్చీలూ దాటి, పరబ్రహ్మం వైపు చూడకుండా, లైట్లు వేసి ఉన్న వైపు నడిచి వెళ్ళిపోయాడు.